డైవ్ వాచ్ గ్లాస్ మీద గీత పడితే: పాలిష్ చేయించాలా, మార్పించాలా, అలాగే ఉంచాలా?

డైవ్ వాచ్ అంటే నీళ్లలో లోతుకు దిగినా తట్టుకునేలా చేసిన వాచీ. లక్షలు పోసి కొన్న రోలెక్స్ సబ్‌మరీనర్ మీదో ఒమెగా సీమాస్టర్ మీదో గీత కనిపించిందంటే ఇక ఆ రోజంతా టెన్షనే. టైమ్ చూసిన ప్రతిసారీ కన్ను ఆ గీత దగ్గరే ఆగుతుంది. ఒకరు టూత్‌పేస్ట్ రుద్దమంటారు. ఇంకొకరు తెలిసిన షాపు ఉంది, గంటలో కొత్త గ్లాస్ వేసిస్తాడంటారు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే వాచ్ మొత్తం విప్పి సర్వీస్ చేయాలంటారు. మొదటిదానికి పదుల రూపాయలు చాలు, చివరిదానికి పదుల వేలు కావాలి. ఎవరి మాట వినాలో తేల్చుకోవడానికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇప్పటి సఫైర్ గ్లాస్ మీద సన్నటి గీత పడితే తర్వాతి సర్వీస్ దాకా అలాగే ఉంచండి. అదే గ్లాస్ అంచు పెచ్చు లేచినా, పగులు కనిపించినా మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. పాతకాలపు ఎక్రిలిక్ గ్లాస్ అయితే ఇంట్లోనే పాలిష్ చేసుకోవచ్చు. ఈ సలహా అందరికీ ఒకేలా పనికిరాదు కాబట్టి మిగతాది కూడా చదవండి.

## ముందు గ్లాస్ ఏదో తేల్చుకోండి

డైవ్ వాచీల్లో మూడు రకాల గ్లాస్‌లు కనిపిస్తాయి.

ఎక్రిలిక్. నిజానికి ఇది గట్టి ప్లాస్టిక్. 1953లో మొదలైన తొలి సబ్‌మరీనర్‌లు, అదే ఏడాది వచ్చిన బ్లాంపా ఫిఫ్టీ ఫాదమ్స్, 1957 నాటి ఒమెగా సీమాస్టర్ 300 అన్నీ దీనితోనే వచ్చాయి. రోలెక్స్‌లో 5513, 1680 మోడల్ నంబర్లున్న సబ్‌మరీనర్‌లకు ఎక్రిలిక్ గ్లాసే ఉంటుంది. సులభంగా గీతలు పడతాయి, అంతే సులభంగా పోతాయి. దెబ్బ తగిలినా సఫైర్‌లా ముక్కలై చెదరదు.

మినరల్ గ్లాస్. గట్టిపరిచిన మామూలు గాజు. సీకో తన రకాన్ని హార్డ్‌లెక్స్ అంటుంది. గల్ఫ్ నుంచి వచ్చిన నాన్నలూ మావయ్యలూ తెచ్చిన సీకో డైవర్‌లలో చాలావాటికి ఉండేది ఇదే.

సఫైర్. ఇప్పటి ఖరీదైన డైవ్ వాచీలన్నింటికీ దాదాపు ఇదే. గనిలోంచి తవ్వింది కాదు, అల్యూమినియం ఆక్సైడ్ పొడిని కరిగించి కృత్రిమంగా పెంచిన స్ఫటికం. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్నాయ్ ఈ పద్ధతిని 1902లో ప్రకటించాడు. సబ్‌మరీనర్‌లో సఫైర్ 1970ల చివర్లో 16800 మోడల్‌తో వచ్చింది. 1993లో వచ్చిన సీమాస్టర్ డైవర్ 300ఎమ్‌కు మొదటినుంచీ సఫైరే.

తేడా తెలియాలంటే మోస్ కాఠిన్యపు కొలమానం చూడండి. ఇందులో పెద్ద అంకె ఉన్నది చిన్న అంకె ఉన్నదాన్ని గీయగలదు. ఎక్రిలిక్ సుమారు 3, మినరల్ గ్లాస్ 5, 6 మధ్యన, సఫైర్ 9, వజ్రం 10. మన వంటింటి గట్టు గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ 7. అంటే ఆ గట్టు మినరల్ గ్లాస్‌ను గీయగలదు, సఫైర్‌ను గీయలేదు. సఫైర్‌ను గీసేవి వేరే ఉన్నాయి: వజ్రపుటుంగరం, గరుకు కాగితం, గోళ్లు రుద్దుకునే ఎమరీ పట్టీ. పెళ్లికి వెళ్లొచ్చి వాచీనీ వజ్రాల నగలనీ ఒకే పెట్టెలో పడేసి బీరువాలో పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. సఫైర్ మీద లోతైన గీత ఎక్కడ పడిందో అంతుచిక్కకపోతే ముందు ఆ పెట్టె చూడండి.

మీ గ్లాస్ ఏదో తెలియకపోతే మోడల్ నంబర్‌ను బట్టి కంపెనీ వివరాల్లో చూడటం ఉత్తమం. గోటితో తట్టి చూసినా కొంత తెలుస్తుంది. ఎక్రిలిక్ మొద్దుగా పలుకుతుంది, ముట్టుకుంటే చల్లగా అనిపించదు. సఫైర్ టక్కుమంటుంది, ఏసీ గదిలో వేలికి చల్లగా తగులుతుంది.

## అసలు అది గీతేనా?

ఈ ప్రశ్న అడగకుండానే చాలామంది షాపుకు పరిగెడతారు. సఫైర్ మీద కనిపించే గీతల్లో చాలావరకు గ్లాస్ మీద పడినవి కావు.

మొదటి అవకాశం, లోహపు మరక. కారు డోరు హ్యాండిలో, అల్యూమినియం కిటికీ చట్టమో గ్లాస్‌కు రాసుకుంటే సఫైర్ కంటే మెత్తనైన ఆ లోహమే అరిగి సన్నని బూడిదరంగు చారగా అంటుకుంటుంది. కిరీటం, అంటే టైమ్ తిప్పే మర, పూర్తిగా బిగించి ఉందని చూసుకుని, గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు వేసి కడగండి. ఆరాక పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. మరకైతే ఇక్కడే పోతుంది.

రెండోది, కోటింగ్ మీద గీత. వెలుతురు మెరుపు తగ్గించడానికి గ్లాస్ మీద అతి పలుచని పూత వేస్తారు. చాలా కంపెనీలు దాన్ని లోపలి వైపే వేస్తాయి. సీమాస్టర్ డైవర్ 300ఎమ్, బ్రైట్లింగ్ సూపర్ ఓషన్ లాంటి వాటికి బయటా లోపలా రెండు వైపులా ఉంటుంది. పూత సఫైర్ అంత గట్టిది కాదు కాబట్టి రోజువారీ వాడకంలో బయటి పూత మీద గీతలు పడతాయి. వాచీని ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. నీలంగానో ఊదాగానో మెరిసే పొర మధ్యలో గీత ఉన్నచోట ఆ రంగు తెగిపోయినట్టు కనిపిస్తే, అది పూత మీది గీత.

మూడోది నిజమైన గీత. దాని మీద గోరు అడ్డంగా పోనిస్తే తట్టుకుంటుంది. మరకకూ పూత గీతకూ గోరు సాధారణంగా తట్టుకోదు. చిన్న భూతద్దం ఉంటే అంచుల వెంట కూడా ఒక చుట్టు చూడండి. బెజెల్, అంటే గ్లాస్ చుట్టూ ఉండే రింగ్, దాని పక్కనే చిన్న పెచ్చు లేచి ఉంటే మామూలు చూపుకు అందదు.

## దేన్ని బట్టి నిర్ణయించాలి

నాలుగు విషయాలున్నాయి. నా దృష్టిలో వాటి వరస ఇదీ.

నీరు చొరకుండా ఉండటం అన్నిటికంటే ముందు. డైవ్ వాచ్‌లో గ్లాస్ కేవలం కిటికీ కాదు, నీటిని ఆపే గోడలో ఒక భాగం. 300 మీటర్ల లోతు రేటింగ్ అంటే 30 బార్ పీడనం, అంటే చదరపు సెంటీమీటర్ మీద దాదాపు 30 కిలోల బరువు. గ్లాస్ వెడల్పు 30 మిల్లీమీటర్లు అనుకుంటే మొత్తం 200 కిలోలు దాటుతుంది. డైవర్ల వాచీలకు ఉన్న ఐఎస్ఓ 6425 ప్రమాణం ప్రకారం రేటింగ్ కంటే 25 శాతం ఎక్కువ పీడనంతో పరీక్షించాలి. ఇంత బరువును గ్లాస్, దాని చుట్టూ నీరు చొరకుండా ఆపే పలుచని ప్లాస్టిక్ గాస్కెట్, వాటిని బిగించే రింగ్ కలిసి మోస్తాయి. గ్లాస్ మార్చడమంటే ఈ మూడింటినీ కదిలించడమే.

చూపు. గ్లాస్ మీద ఒకచోటే రుద్దితే అక్కడ చిన్న గుంట పడి అంకెలు వంకరగా కనిపిస్తాయి. రోలెక్స్ తేదీ మీది భూతద్దం కంపెనీ లెక్క ప్రకారం 2.5 రెట్లు పెద్దది చేసి చూపాలి. తక్కువ రకం గ్లాస్‌ల్లో అది సరిపోదు, లేదా తేదీకి కొంచెం పక్కకు పోతుంది.

ఒరిజినాలిటీ, అమ్మకపు విలువ. అమ్మే ఉద్దేశం లేనివాళ్లు కూడా దీన్ని పక్కన పెట్టొద్దు. ఈ వాచీలు రేపు పిల్లల చేతికి పోయేవి.

ఖర్చు, సమయం. కంపెనీకి ఇస్తే వారాలు పట్టొచ్చు. డబ్బు సంగతి ఊరూ మోడలూ బట్టి మారుతుంది కాబట్టి ఏ షాపులోనైనా అంచనా రాయించుకున్నాకే వాచీ ఇవ్వండి.

## ఒక్కో దారి

| దారి | ఏ గ్లాస్‌కు | నీటి భద్రత | అమ్మకపు విలువ | ఖర్చు |
|---|---|---|---|---|
| అలాగే ఉంచడం | సఫైర్, పెచ్చు లేకపోతే | చెక్కుచెదరదు | కొద్దిగా తగ్గొచ్చు | లేదు |
| ఇంట్లో పాలిష్ | ఎక్రిలిక్ ఒక్కటే | పైపైన చేస్తే మారదు | పాత గ్లాస్ నిలుస్తుంది | వందల్లో |
| పై పూత తీయించడం | రెండు వైపులా పూత ఉన్న సఫైర్ | మారదు | కొద్దిగా తగ్గుతుంది | వేలల్లో |
| బయటి షాపులో వేరే తయారీ గ్లాస్ | మినరల్, సఫైర్ | మెకానిక్ చేతిలో ఉంది | బాగా తగ్గొచ్చు | వేలల్లో |
| కంపెనీ సర్వీస్, కంపెనీ గ్లాస్ | అన్నీ | పరీక్షించి ఇస్తారు | నిలుస్తుంది (పాత వాచీలకు జాగ్రత్త) | పదుల వేలల్లో |

### అలాగే ఉంచడం

సఫైర్ పైభాగాన ఉన్న సన్నటి గీత వల్ల నీరు లోపలికి రాదు. రోలెక్స్ తన వాచీలకు సుమారు పదేళ్లకోసారి సర్వీస్ చేయించమంటుంది. మీ వాచీకి రెండు మూడేళ్లలో ఎలాగూ సర్వీస్ రాబోతుంటే ఒక గీత కోసం ఇప్పుడే కేసు, అంటే మెషీన్‌ను కప్పి ఉంచే లోహపు పెట్టె, విప్పించడంలో అర్థం లేదు. విప్పిన ప్రతిసారీ గాస్కెట్లు మార్చాలి, పరీక్షించాలి, దుమ్ము పడే అవకాశం ఉంటుంది. సర్వీస్ రోజు గ్లాస్ కూడా కలిపి మార్పిస్తే ఇవన్నీ ఒక్కసారితో తేలిపోతాయి.

### పాలిష్

ఎక్రిలిక్‌కు ఇది సరైన దారి, చేతితో చేసుకుంటే తృప్తిగా కూడా ఉంటుంది. కిరీటం బిగించండి. బెజెల్ మీదా కేసు మీదా టేప్ అంటించండి. సన్నటి గీతలకు పాలీవాచ్ లాంటి పేస్ట్ చాలు. నూలు గుడ్డ మీద బఠాణీ గింజంత తీసుకుని, వేలు ఎక్కువ నొక్కకుండా, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రెండు మూడు నిమిషాలు రుద్ది తుడవండి. గట్టిగా నొక్కితే వేడి పుట్టి ప్లాస్టిక్ మసకబారుతుంది. గోరుకు తగిలే గీతైతే ముందు 2000, ఆపైన 3000 నంబర్ తడి గరుకు కాగితంతో ఒకే దిశలో మెల్లగా లాగండి. గ్లాస్ మొత్తం పాలవర్ణంలోకి మారినప్పుడు భయపడకండి. పేస్ట్ పడ్డాక మళ్లీ తేటపడుతుంది.

రెండు చోట్ల మాత్రం చెయ్యి ఆపండి. 1680 లాంటి వాటి మీద తేదీ భూతద్దం అంచులు రుద్దితే గుండ్రంగా అరిగిపోతాయి. గ్లాస్ అంచుల్లో సాలీడు దారాల్లాంటి సన్నని పగుళ్లు కనిపిస్తే అది పాలిష్‌తో పోయే జబ్బు కాదు. ఆ గ్లాస్ మార్చాల్సిందే.

మినరల్ గ్లాస్‌ను సీరియం ఆక్సైడ్‌తో గంటల తరబడి రుద్ది మెరుగు తేవచ్చు. ఆ కష్టం కంటే కొత్త గ్లాస్ చవక.

సఫైర్‌ను ఇంట్లో పాలిష్ చేయాలనుకోవద్దు. టూత్‌పేస్ట్, ఇత్తడి సామాన్లు తోమే బ్రాసో దాని మీద పనిచేయవు. వజ్రపు పొడి కలిపిన పేస్టే కావాలి, అదీ ముతక రకం నుంచి ఒక మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) రేణువుల దాకా దశలుగా. గీత ఎంత లోతుందో అంత మందం గ్లాస్ మొత్తం మీదా సమానంగా తీస్తే తప్ప చూపు వంకరపోకుండా ఉండదు. బయటి పూత ఉంటే మొదటి నిమిషంలోనే పోతుంది. డేట్ భూతద్దం అతికించి ఉన్న గ్లాస్ మీద ఇది అసలు కుదరదు. వాచ్ రిపేర్ షాపులో ఎవరైనా సఫైర్ పాలిష్ చేస్తామంటే ఏ పేస్ట్ వాడతారో, చివర్లో ఎన్ని మైక్రాన్లదో అడగండి. జవాబు తడబడితే వాచీ వెనక్కి తీసుకోండి.

### పై పూత ఒక్కటే తీయించడం

బయటి పూత మీద గీతలు ఎక్కువైతే ఆ పొరనంతా తీసేయడం ఒక దారి. కింద ఉన్న సఫైర్ మచ్చలేకుండా బయటపడుతుంది. మెరుపు కాస్త పెరుగుతుంది, ఎండలో డయల్ ముందులా స్పష్టంగా కనపడదు. వారంటీ ఉన్న వాచీకి ఇది వద్దు. వారంటీ దాటి, రోజూ చేతికి ఉండే వాచీ అయితే నాకు ఇది సబబుగానే అనిపిస్తుంది, ఎందుకంటే కొత్తగా వేసే పూత మీదా ఇలాంటి గీతలే మళ్లీ పడతాయి.

### బయటి షాపులో మార్పించడం

ఇక్కడ మెకానిక్ చేతి నైపుణ్యమే అంతా. మంచి చెయ్యి ఉన్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. కానీ పెద్ద కంపెనీలు విడిభాగాలను బయటి షాపులకు స్వేచ్ఛగా అమ్మవు. కాబట్టి కౌంటర్ మీద ‘ఒరిజినల్’ అని చెప్పి వేసే గ్లాస్ సాధారణంగా వేరే తయారీదే. 2000ల మొదట్లోంచి రోలెక్స్ గ్లాస్ మీద ఆరు అంకె దగ్గర లేజర్‌తో అతి చిన్న కిరీటం గుర్తు ఉంటుంది. దాన్ని కూడా అనుకరిస్తున్నారు కాబట్టి గుర్తు ఉన్నంత మాత్రాన నమ్మొద్దు.

అసలు చూడాల్సింది పరికరాలు. సబ్‌మరీనర్‌లో తిరిగే బెజెల్ ఊడదీసి, కింద ఉన్న రింగ్ తీసి, కొత్త గాస్కెట్‌తో గ్లాస్‌ను ప్రెస్‌లో సమంగా నొక్కి కూర్చోబెట్టాలి. బొటనవేళ్లతో నొక్కే పని కాదు. తర్వాత గాలి పీడనంతో కేసు ఎంత వంగిందో కొలిచే డ్రై టెస్ట్ చేయాలి. ఆ యంత్రం షాపులో లేకపోతే వాచీ ఇవ్వొద్దు. పాత గాస్కెట్టే మళ్లీ వేస్తామన్నా ఇవ్వొద్దు.

సీకో హార్డ్‌లెక్స్ లాంటి వాచీకి మాత్రం మంచి మెకానిక్ దగ్గర మార్పించడమే తెలివైన పని. వాచీ ధరతో పోలిస్తే కంపెనీ సర్వీస్ బరువనిపిస్తుంది, గ్లాస్‌లు దొరుకుతాయి, ఇష్టమైతే సఫైర్ వేయించుకోవచ్చు.

### కంపెనీ సర్వీస్

ఖర్చెక్కువ, ఆలస్యమెక్కువ. కానీ వారంటీ ఉన్న ఇప్పటి సఫైర్ వాచీకి దీన్ని మించిన దారి లేదు. గ్లాస్ ఒక్కటే మార్చమంటే ఒప్పుకోకపోవచ్చు, మొత్తం సర్వీస్‌కు అంచనా వేస్తారు. పూర్తి సర్వీస్ మీద రోలెక్స్, ఒమెగా రెండూ రెండేళ్ల గ్యారంటీ ఇస్తాయి. బయటి తయారీ భాగాలు లోపల కనిపిస్తే సర్వీస్‌కు నిరాకరించే అవకాశం ఉంది. అందుకే బయటి షాపు గ్లాస్ వేయించే ముందు ఒకసారి ఆలోచించమనేది.

ఇచ్చేటప్పుడు రసీదు మీదే మూడు విషయాలు రాయించండి: కేసు పాలిష్ చేయొద్దని, డయల్ గానీ ముళ్లు గానీ మార్చే ముందు నన్ను అడగాలని, తీసిన పాత భాగాలు తిరిగి ఇస్తారో లేదో చెప్పాలని. ఇవి రాయించకపోతే అలవాటు ప్రకారం కేసు మెరుగుపెట్టేస్తారు, పదునైన అంచులు గుండ్రంగా మారిపోతాయి. కొత్త గ్లాస్ వచ్చినా కేసు పాత రూపం తిరిగి రాదు.

## మీరు ఎవరు?

నిజంగా నీళ్లలో దిగేవాళ్లు. రుషికొండ దగ్గరో అండమాన్‌లోనో స్కూబాకు వాచీ పెట్టుకుని దిగేవాళ్లకు గీత కంటే అంచు పెచ్చే ముఖ్యం. దిగే సీజన్‌కు ముందు ప్రెషర్ టెస్ట్ చేయించండి. గ్లాస్ మార్చాల్సివస్తే కంపెనీ దగ్గరే.

ఆఫీసుకూ పెళ్లిళ్లకూ పెట్టుకునేవాళ్లు. నీళ్లు అంటే చేతులు కడుక్కోవడం, వాన, అప్పుడప్పుడు స్విమ్మింగ్ పూల్. గీతను వదిలేయండి. పూత గీతలు మరీ కంటికి అడ్డొస్తుంటే ఆ పూత తీయించే ఆలోచన మీకే సరిపోతుంది.

పాత వాచీ వారసత్వంగా వచ్చినవాళ్లు. 5513 లాంటి వాచీ చేతికొస్తే మొదటి పని ఏమీ చేయకపోవడం. గీతలు మరీ అడ్డొస్తే గ్లాస్ వరకు మాత్రం పాలిష్ చేసుకోండి, గ్లాస్ మార్చక తప్పకపోతే తీసిన గ్లాస్‌ను దూదిలో చుట్టి వాచీ పెట్టెలోనే దాచండి. ఇలాంటి వాచీని కంపెనీకి పంపితే వయసుతో పసుపెక్కిన ముళ్లు, డయల్ కొత్తవైపోయే ప్రమాదముంది. పాత వాచీలు సేకరించేవాళ్లు డబ్బులిచ్చేది ఆ పసుపు రంగుకే. పాత వాచీలు మాత్రమే చూసే మెకానిక్‌ను వెతకండి. వాటితో నీళ్లలోకి దిగకండి.

త్వరలో అమ్మాలనుకునేవాళ్లు. గీత ఉందని చెప్పి, ఫొటోలో చూపించి, ఉన్నది ఉన్నట్టు అమ్మండి. అమ్మకం కోసం డూప్లికేట్ గ్లాస్ వేయిస్తే కొనేవాడి మెకానిక్ పట్టేస్తాడు, అప్పుడు లోపలి భాగాల మీద కూడా అనుమానం మొదలవుతుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లు, ఇక్కడి నుంచి తీసుకెళ్లేవాళ్లు. మీరున్న చోటే సర్వీస్ చేయించుకోండి. ఇండియా నుంచి వాచీ చేతికి పెట్టుకుని వెళ్లి అక్కడ సర్వీస్ చేయించి తెచ్చుకోవాలంటే, బయల్దేరేటప్పుడు ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు అది మీ పాత వాచీయే అని చూపించడానికి పనికొస్తుంది.

## పగిలితే ఆ నిమిషంలో చేయాల్సింది

సఫైర్ గట్టిది, కానీ పెళుసు. పలకల అంచుకు గట్టిగా తగిలితే ముక్కలవుతుంది, ఆ ముక్కల పొడి డయల్ మీద రాలుతుంది. సెకన్ల ముల్లు తిరుగుతున్నంతసేపు ఆ పొడిని డయల్ మీద ఈడుస్తూనే ఉంటుంది. కాబట్టి వెంటనే కిరీటం మర విప్పి బయటికి లాగండి. ఆధునిక డైవ్ వాచీల్లో ఇలా చేస్తే సెకన్ల ముల్లు ఆగిపోతుంది. గ్లాస్ మీద పారదర్శకమైన టేప్ అంటించి ముక్కలు కదలకుండా చూడండి. చేతికి పెట్టుకోవద్దు, ఊపొద్దు, గాలి ఊదొద్దు. ఈ స్థితిలో గ్లాస్ ఒక్కటే మార్చి ఊరుకుంటామంటే ఒప్పుకోకండి. మెషీన్ కూడా విప్పి శుభ్రం చేయాలి, లేకపోతే మిగిలిన రేణువులు చక్రాల మధ్య చేరి అరగదీస్తాయి.

## వాచీ తిరిగి తీసుకునేటప్పుడు

కౌంటర్ దగ్గరే, మంచి వెలుతురులో, తొందరపడకుండా చూసుకోండి. గ్లాస్ కింద దుమ్ము రేణువు, వేలిముద్ర ఉన్నాయా? తేదీ భూతద్దం అంకెకు సరిగ్గా నడిమధ్యన ఉందా? బెజెల్ చుట్టూ 120 క్లిక్కులు ఉండే వాచీలో అన్నీ ఒకేలా పడుతున్నాయా, పైనున్న త్రిభుజం పన్నెండు దగ్గర కుదురుగా ఆగుతోందా? ప్రెషర్ టెస్ట్ ఎన్ని బార్ దగ్గర చేశారో బిల్లు మీద రాయించండి. తర్వాతి రెండు మూడు రోజులు ఎండలోంచి ఏసీ గదిలోకి వచ్చినప్పుడల్లా గ్లాస్ లోపలివైపు మసక పడుతోందేమో గమనించండి. చిన్న ఆవిరి మచ్చ కనిపించినా అదే రోజు తిరిగి ఇచ్చేయండి.